నలభై దినాలు కప్పొద్దన్న కారు

పదమూడేళ్లుగా ఒక మాట నా మీద బరువుగా ఉంది. పెద్ద మాటేమీ కాదు. "లేదు" అన్నాను, అంతే. ఒక చలికాలం ఉదయం, బోధన్‌లో మా ఇంటి ముందు, ముగ్గురం నిలబడి ఉండగా అన్నాను. ఆ ముగ్గురిలో ఇద్దరు ఇప్పుడు లేరు.

మా అన్న పోయి ఐదు నెలలైంది. ఆయన ఉన్నంతకాలం ఇది రాయలేకపోయాను. పోయాక రాయడంలో ధైర్యమేమీ లేదని నాకు తెలుసు. అయినా రాస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఎదురుగా కూర్చున్నవాళ్లకు చెప్పలేనిది మీకు చెప్పగలననిపిస్తోంది. నా పేరు రాయను. అన్న పేరూ రాయను. మూడో మనిషి పేరు మాత్రం రాస్తాను. ఆయన ఖాజా మియా. నా వల్ల చెడిపోయింది ఆ పేరే కాబట్టి దాన్ని కూడా దాచిపెట్టడం నాకు చేతకావడం లేదు.

విషయం ఒక కారు గురించి. దాని మీది రంగు గురించి. చాలాకాలం నేను నాకు ఇలాగే చెప్పుకున్నాను: రంగే కదా, ఎవరి ప్రాణమూ పోలేదు కదా. మీకూ మొదట అలాగే అనిపించవచ్చు. పూర్తిగా చెప్పనివ్వండి.

మా అన్న బోధన్‌లో డాక్టరు. ఇంటి ముందు గదే దవాఖానా. నాకంటే పద్నాలుగేళ్లు పెద్ద. బాపు పోయాక నన్ను ధర్పల్లి నుంచి తెచ్చి తన దగ్గర పెట్టుకుని చదివించాడు. నేను పీయూసీ రెండుసార్లు తప్పాను. క్లాసు పుస్తకాలు తప్ప దొరికిన పుస్తకమల్లా చదివేవాణ్ణి. ఆయన ఒక్కసారి కూడా తిట్టలేదు. తిడితే బాగుండేదేమో. ఇంట్లో నాకంటూ ఒప్పజెప్పిన పని ఒక్కటే ఉండేది. కారును చూసుకోవడం.

అది ఎవరో వాడి అమ్మిన అంబాసిడర్. కోటగిరి వైపు పల్లెలకు రోగులను చూడడానికి వెళ్లాలంటే అన్నకు అది కావాలి. కాని మా ఇంటికి కారు పట్టే గేటు లేదు, షెడ్డు వేసే జాగా లేదు. సందులో, ప్రహరీ పక్కన, ఎండకూ వానకూ అలాగే ఉండేది. వాటితో ఎలాగో వేగవచ్చు. అసలు బాధ చెరుకు ఆడే కాలంలో మొదలయ్యేది. బోధన్‌లో ఉన్నవాళ్లకు ఆ నుసి సంగతి చెప్పనక్కరలేదు. చక్కెర ఫ్యాక్టరీ చిమ్నీ నుంచి కాలిన చెరుకు పిప్పి నుసి ఊరంతా రాలుతుంది. ఆరేసిన బట్టల మీద, నీళ్ల గాబు మీద, మూత మరిచిపోతే పెరుగు మీద. చూడడానికి మెత్తగా ఉంటుంది. మెత్తగా ఉందని మేం రెండేళ్లు దాన్ని పొడిగుడ్డతో తుడిచాం. ఊళ్లో కారున్న నలుగురూ అదే చేసేవాళ్లు. ఆ మెత్తదనంలో ఇసుకలాంటి పలుకు ఉంటుందని మాకు తెలియదు. రెండేళ్లకు కారు మొహం గీతలు పడి, సున్నం కొట్టినట్టు తెల్లబారింది.

అప్పుడు అన్న నిజామాబాద్ నుంచి ఖాజా మియాను పిలిపించాడు.

ఆయనకు నలభై ఐదు దాటి ఉంటాయి. సన్నగా ఉండేవాడు. గోళ్ల చుట్టూ ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉండేది. ఇరవై ఏళ్లు నిజామాబాద్‌లో బండ్లకు రంగులు వేసే ఒకరి షెడ్డులో పనిచేశాడు. చేసిన పని ఆయనది, పేరు షెడ్డు యజమానిది. ఇక బోధన్‌లో సొంతంగా పెట్టుకోవాలనుకున్నాడు. ఇక్కడ చెరుకు తోలే లారీలు చాలా ఉన్నాయి. సీజన్ అయిపోగానే ప్రతి లారీకీ రంగు పని ఉంటుంది. స్టేషన్ దగ్గర రేకుల కొట్టం ఒకటి మాట్లాడుకున్నాడు. లారీల వాళ్లు ఆయనతో అన్నది ఇది: ముందు డాక్టర్ కారు చెయ్యి, అది చూసి మా బండ్లు ఇస్తం.

కాబట్టి ఆ కారు మీద ఆయన పెట్టినంత ఓపిక నేను ఇంకెక్కడా చూడలేదు. దసరా వెళ్లగానే మొదలుపెట్టాడు. సందులో రెండు వైపులా పాత దుప్పట్లు కట్టి, పాత రంగంతా గీకి, సొట్టల్లో లప్పం పెట్టి, దాన్ని గరుకు కాగితంతో నీళ్లు పోస్తూ రుద్ది, అస్తరు అనే అడుగు పూత వేసి, మళ్లీ రుద్ది, ఒక పూత, మళ్లీ రుద్దడం, ఇంకో పూత. ఇరవై రెండు రోజులు. నీళ్లు తెచ్చి ఇవ్వడం నా పని. నా చేతిలో ఎప్పుడూ ఒక పుస్తకం ఉండేది. "ఏం రాసిండ్రు తమ్మీ అండ్ల?" అని అడిగేవాడు. చెబితే శ్రద్ధగా వినేవాడు. ఆయన చదువుకోలేదు. తన పేరు మాత్రం ఉర్దూలో రాసేవాడు.

రంగు అంగూరీ. పచ్చి ద్రాక్ష రంగు. అన్నే ఎంచుకున్నాడు. పని ముగిసిన రోజు దుప్పట్లు విప్పితే సందులోని వాళ్లంతా వచ్చి చూశారు. దవాఖానాకు వచ్చిన రోగులు కూడా మందు సీసాలు చేతిలో పట్టుకుని చూశారు. అన్న నవ్వుతూ అడిగాడు, కొట్టానికి బోర్డు ఎప్పుడు రాయిస్తావు మియా అని.

"బోర్డెందుకు సాబ్? గీ కారే నా బోర్డు. ఆ బోర్డు ఒక్క తాన నిలవడ్తది. గిది ఊరూరు తిరుగుతది."

వెళ్లే ముందు నన్ను పక్కకు పిలిచి కూర్చోబెట్టాడు. ఆయన చెప్పినవన్నీ నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. చెట్టు నీడ ఆశకు పోవద్దు, చెట్టు కింద జిగురూ పిట్టల రెట్టా పడతాయి. రెట్ట పడితే గంట కూడా ఉంచవద్దు, తడి దూదితో మెల్లగా పైకి లేపాలి, రుద్దకూడదు. ("డాక్టర్ ఇంట్ల దూదికి ఏం తక్కువ?" అన్నాడు.) మధ్యాహ్నం ఎండ వచ్చే దిక్కుకు డిక్కీ ఉండాలి, బానెట్ కాదు. కొత్తగా సున్నం వేసిన గోడకు ఆనించి పెట్టకూడదు. ఇక అన్నిటికంటే ముఖ్యమైనది చివర చెప్పాడు.

"రంగు పైకి ఆరింది గని లోపట ఇంకా పచ్చిగనే ఉంటది తమ్మీ. నలభై దినాలు గాలి ఆడాలె. దుప్పటి గని, గోనె గని, తాడ్‌పత్రి గని, ఏదీ కప్పొద్దు. నుసి పడ్తె పడనియ్యి. చెయ్యి పెట్టకు. ఎండ రాకముందు మీదికెళ్లి నీళ్లు పొయ్యి, అదే కొట్టుకపోతది. మా ఇండ్లల్ల బాలింతకు నలభై దినాలు చిల్లా అంటరు. గిది గూడ బాలింతనే అనుకో. బాలింతను కప్పుతరు, దీన్ని కప్పరు. గంతే ఫరక్."

అని తన మాటకు తానే నవ్వాడు. నేనూ నవ్వాను. సరే మియా అన్నాను.

ఆ వారంలోనే ఫ్యాక్టరీ ఆడడం మొదలైంది.

మొదటి పదిహేను రోజులు నేను చెప్పినట్టే చేశాను. ఇది నా మంచితనం కోసం రాయడం లేదు. చేయగలిగి కూడా మానేశానని మీకు తెలియాలి. తెల్లవారకముందే లేచి, బావిలో చేదుకుని, బకెట్లు సందులోకి మోసి, కారు మీద నుంచి పోసేవాణ్ణి. ఇరవై బకెట్లు. చలికి వేళ్లు కొంకర్లు పోయేవి. అన్న పళ్లు తోముకుంటూ వచ్చి చూసేవాడు. ఏమీ అనేవాడు కాదు. కాని ఆయన చూస్తున్నాడన్నది నాకు చాలు.

పదహారో రోజు అన్న కరీంనగర్ వెళ్లాడు. వదిన కాన్పుకు పుట్టింటికి వెళ్లి ఉంది. పది రోజుల్లో వస్తానన్నాడు. దవాఖానా మూసేశాం. ఇంట్లో నేనొక్కణ్ణే.

రెండు రోజులు నీళ్లు పోశాను. మూడో రోజు సాయంత్రం ఇంటి వెనక వసారాలో తాడ్‌పత్రి కనిపించింది. కోటగిరి రైతు ఎవరో జబ్బు నయమైందన్న సంతోషంతో బండి మీద బెల్లం తెచ్చి, పైన కప్పినదాన్ని ఇక్కడే వదిలేసి పోయాడు. మైనం పట్టించిన మందపాటి గుడ్డ. బండెడు బెల్లాన్ని వానలో కాపాడేది. దాన్ని చూస్తూ నిలబడ్డాను.

ఆ క్షణంలో ఏమనుకున్నానో నిజాయితీగా గుర్తుచేసుకోవడానికి చాలాసార్లు ప్రయత్నించాను. తెలియక చేశాననగలనా? అనలేను. నాకు స్పష్టంగా చెప్పారు, నవ్వుతూ చెప్పారు, నేను సరేనన్నాను. అయితే ఎందుకు కప్పాను? నాకు నేను చెప్పుకున్న తర్కం ఇది: కప్పితే నుసి పడదు, నుసి పడకపోతే నీళ్లు పోయనక్కరలేదు, ఎండ రాకముందే తీసేస్తే ఏమవుతుంది? పద్దెనిమిది రోజులకు పచ్చిగా ఉన్నది నలభయ్యో రోజుకు మాత్రం ఎలా ఆరిపోతుంది, ఈ నలభై ఎక్కడి లెక్క? బాలింతల లెక్క. పెద్దవాళ్లు చెప్పే లెక్క. నేను చదువుకున్నవాణ్ణి, ఆయన చదువుకోనివాడు. ఈ మాట నేను బయటికి ఎప్పుడూ అనలేదు. కాని లోపల ఉంది. చలి ఒక కారణం, బద్ధకం ఒక కారణం, చదువుతున్న నవల ఇంకా సగం మిగిలి ఉండడం ఒక కారణం. వాటన్నిటి కింద ఇది ఉంది. ఇరవై ఏళ్లు ఆ పని చేసిన చెయ్యి చెప్పిన మాట కంటే, ఆ పని ఒక్కరోజు కూడా చేయని నా బుర్రను ఎక్కువగా నమ్మాను.

పొద్దు గూకుతుండగా కప్పాను. గాలికి ఎగరకుండా చుట్టూ ఇటుకలు పెట్టాను.

తెల్లారి లేచేసరికి ఎండ గోడ దాటి సందులోకి వచ్చేసింది. నవల పూర్తి చేసి ఆలస్యంగా పడుకున్నాను. బయటికి పరుగెత్తాను. తాడ్‌పత్రి పైన పొడిగా, వేడిగా ఉంది. అంచు పట్టుకుని లేపితే కింద మంచు నీరు కారింది. డోరు దగ్గర సులభంగానే వచ్చింది. బానెట్ దగ్గర రాలేదు. లాగాను. పుండుకు అంటుకున్న కట్టు విప్పినప్పుడు వచ్చే చప్పుడు వచ్చింది. దవాఖానాలో ఆ చప్పుడు చాలాసార్లు విన్నాను.

బానెట్ మీద రెండు అరచేతులంత మేర రంగు గుడ్డతో లేచిపోయింది. మిగతా చోట, టాపు ముందు భాగం దాకా, గుడ్డ నేత అచ్చు పడింది. పడుగూ పేకా లెక్కపెట్టేంత స్పష్టంగా.

అప్పుడు నేను మొదట చేసిన పని తలెత్తి సందు అటూ ఇటూ చూడడం. ఎవరూ లేరు. ఆ చూపు గురించి తర్వాత ఎంతో ఆలోచించాను. నష్టమెంతో చూడకముందే చూసినవాళ్లెవరో చూశాను. అబద్ధం నా నోట్లోంచి వారం తర్వాత వచ్చింది గాని, అది పుట్టింది అక్కడే.

తాడ్‌పత్రిని మడిచి వెనక గది అటక మీద, పాత పత్రికల కట్టల వెనక దాచాను. తర్వాత దవాఖానాలోంచి దూదీ స్పిరిటూ తెచ్చి నేత అచ్చు మీద రుద్దాను. అది ఇంకా పాడైంది. నిగనిగలాడే చోట మచ్చలు లేచాయి. ఆ తర్వాత అన్న వచ్చేదాకా ప్రతి ఉదయం ఇరవై ఐదు బకెట్లు పోశాను. ఇరవై చాలు. ఇరవై ఐదు పోశాను.

అన్న వచ్చాడు. ఆడపిల్ల పుట్టిందని చెప్పి, సంచి కింద పెట్టకముందే కారు చూశాడు. "ఏందిరా గిది?" అన్నాడు. తెలియదు, నెమ్మది నెమ్మదిగా ఇలా అయింది అన్నాను. ఇంకేమీ అడగకుండా ఖాజా మియాకు కబురు పంపాడు.

మియా మర్నాడు పొద్దున వచ్చాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి, చెంప బానెట్‌కు దాదాపు ఆనించి, వెలుతురుకు ఎదురుగా చూశాడు. తర్వాత బొటనవేలితో నెమ్మదిగా తడిమాడు. ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా. ఆ వేలు కదిలిన తీరు చూస్తే నాకు అర్థమైంది. ఆయనకు తెలిసిపోయింది. గుడ్డ నేత తెలియని వేలు కాదది.

"ఏంది మియా? నెల గూడ కాలె," అన్నాడు అన్న.

"చూస్తున్న సాబ్."

ఆయన నా వైపు తిరిగాడు. కోపంగా లేడు. అప్పుడు కోపంగా ఉంటే నాకు కొంత సులభమయ్యేదేమో.

"కప్పినవా తమ్మీ? దీని మీద ఏమన్న కప్పినవా?"

"లేదు."

"యాది చేసుకో. ఒక్కనాడన్న?"

"లేదు మియా. రోజూ నీళ్లే పోసిన."

ఆయన చూస్తూ ఉన్నాడు. అన్న కూడా నన్నే చూస్తున్నాడు. ఆయనకు నేను చేసిన వాగ్దానం ఒక్కటే, ఈ కారు. ఇదీ తప్పానని ఒప్పుకుంటే నన్ను ధర్పల్లి పంపించేస్తాడనుకున్నాను. పంపించేవాడు కాదని అప్పుడూ నాకు తెలుసు. మరి దేనికి భయపడ్డాను? ఆయన అప్పుడు కూడా ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోతాడే, దానికి.

ఖాజా మియా తల దించుకున్నాడు. మళ్లీ ఒకసారి బానెట్ తడిమాడు.

"అయితె నా చెయ్యే తప్పయి ఉంటది సాబ్," అన్నాడు. "మళ్ల గీకి వేస్త. మీరేం ఇయ్యొద్దు."

అన్న వద్దన్నాడు. "పోనియ్యి మియా. వద్దు." అంతే అన్నాడు. ఆ వద్దు ఎందుకో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

ఆయన ఎందుకు వాదించలేదు? వేలికి తెలిసింది నోటితో ఎందుకు అనలేదు? డాక్టర్ తమ్ముణ్ణి డాక్టర్ ముందు అబద్ధాలకోరు అని ఎలా అంటాడు? బయటి ఊరి నుంచి బతుకుతెరువుకు వచ్చినవాడు. మా ఇంట్లో ఇరవై రెండు రోజులు చాయ్ తాగినవాడు. లేక నేను ఆ క్షణంలో కాకపోయినా మరుక్షణంలో చెబుతానని ఎదురుచూశాడా? అది నన్ను ఎక్కువగా బాధిస్తుంది. ఆయన సందు మలుపు దాకా నెమ్మదిగానే నడిచాడు.

కారు తిరిగింది. ఆయన అన్నట్టే ఊరూరూ తిరిగింది. ప్రతి ఊళ్లో బానెట్ మీద ఆ మచ్చ చూపించుకుంటూ తిరిగింది. బస్టాండ్ హోటల్లో నేను చాయ్ తాగుతుండగా లారీల వాళ్లు మాట్లాడుకోవడం విన్నాను.

"డాక్టర్ సాబ్ కారుకు గజ్జి లేసిందట గదా?"

"మనుషుల గజ్జి ఆయన మాన్పుతడు. కారు గజ్జి ఎవలు మాన్పాలె?"

"ఖాజా మియాను అడుగు. అంటించింది ఆయనే గద!"

అందరూ నవ్వారు. నేను గ్లాసు కింద పెట్టి లేచి వచ్చాను. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. ఒక్క వాక్యం.

సీజన్ అయిపోయాక లారీలు వేరేవాళ్ల దగ్గరికి వెళ్లాయి. రేకుల కొట్టం రెండు నెలలు తెరిచి ఉంది. ఒకరోజు చూస్తే తాళం. నిజామాబాద్ వెళ్లిపోయాడన్నారు. పాత షెడ్డు యజమాని మళ్లీ తీసుకోలేదట. బోధన్‌లో చెడిన పని సంగతి అక్కడికీ చేరింది. అదీ నేను విన్నదే. విని ఇంటికి వచ్చి భోజనం చేశాను.

ఆ తర్వాత నా జీవితం బయటి నుంచి చూస్తే బాగానే ఉంది. పీయూసీ పాసయ్యాను. టీచరు ట్రైనింగ్ చేశాను. కాని బోధన్‌లో ఉన్న ప్రతి ఉదయం నేను ఆ కారు ముందు నిలబడవలసిందే. అన్న దానికి మళ్లీ రంగు వేయించలేదు. లేచిపోయిన చోట తుప్పు పట్టకుండా ఎర్రటి అస్తరు పూయించి వదిలేశాడు. ఎందుకని అడగడానికి నాకు నోరు లేదు. చీకటితో లేస్తాను, బకెట్లు మోస్తాను, పోస్తాను. నీళ్లు నేత అచ్చు మీద ఒక్క క్షణం నిలిచి జారిపోతాయి. తడిసినప్పుడు ఆ అచ్చు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఎవరూ నన్ను కట్టివేయలేదు. మానెయ్ అని అన్న రెండుమూడుసార్లు అన్నాడు కూడా. మానేస్తే అనుమానం వస్తుందేమోనని మానలేదు. ఇలా ఆరేళ్లు.

ఇంకొకటి. రంగు చెడిన రెండు నెలలకు, ఇంట్లో ఎవరూ లేని ఒక మధ్యాహ్నం, ఆ తాడ్‌పత్రిని తీసి ఎక్కడైనా పారేద్దామని అటక ఎక్కాను. పత్రికల కట్టలు ఉన్నాయి. వాటి వెనక ఏమీ లేదు.

ఎవరు తీశారు? అన్నా, వదినా, గిన్నెలు తోమే మనిషా? ఎవరినీ అడగలేను. అడిగితే నేను దాచానని చెప్పినట్టే. ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరు నన్ను పిలిచినా ఇదేనేమో అనుకునేవాణ్ణి. అన్న "ఒక మాట, ఇటు రా" అంటే ముందు జవాబు కూర్చుకునేవాణ్ణి. వెళ్తే, పోస్టాఫీసుకు వెళ్లి రమ్మనేవాడు. ఎవరో ఒకరికి తెలుసు. ఎవరో తెలియదు. వాళ్లు చెప్పరు, నేను అడగను. అదే ఇంట్లో అన్నం తింటున్నాం.

నిజామాబాద్‌లో నాకు టీచరు ఉద్యోగం వచ్చాక మొదటిసారి గాలి పీల్చుకున్నట్టయింది. అది ఎన్నాళ్లు? బజారులో ఒక రోజు ట్రంకు పెట్టెలకు రంగు వేసే దుకాణం ముందు ఖాజా మియా కూర్చుని ఉన్నాడు. గడ్డం తెల్లబడింది. రేకు పెట్టె మీద గులాబీ పువ్వు వేస్తున్నాడు. నేను వేరే సందులోంచి వెళ్లిపోయాను. ఏడాది పాటు ఆ వేరే సందులోంచే బడికి వెళ్లాను.

చివరికి ఒక రోజు నా సైకిలు తీసుకుని వెళ్లాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. వెళ్లగానే ఆయన గుర్తుపట్టాడు. "అరె, తమ్మీ! డాక్టర్ సాబ్ మంచిగున్నడా?" అన్నాడు. చాయ్ తెప్పించాడు. నా నోట్లోంచి వచ్చింది ఇది: సైకిలుకు రంగు వేయాలి మియా. సరేనన్నాడు. నాలుగు రోజుల తర్వాత తీసుకోవడానికి వెళ్లాను. ఈసారైనా చెప్పాలని వెళ్లాను. నల్లగా మెరుస్తోంది. సీటు కింద, ఎవరికీ కనిపించని చోట కూడా అంతే నున్నగా ఉంది. హ్యాండిలు నా చేతికి ఇస్తూ, మామూలుగా, వాతావరణం గురించి చెప్పినట్టు అన్నాడు:

"కొన్ని దినాలు ఏం కప్పకు తమ్మీ. గాలి ఆడనియ్యి."

ఆయన నన్ను చూసి అనలేదు. చక్రం తిప్పి చూస్తూ అన్నాడు. అది అందరికీ చెప్పే మాటేనా? నాకోసమే చెప్పాడా? పోల్చుకోలేకపోయాను. ఇప్పటికీ పోల్చుకోలేను. "సరే మియా," అన్నాను. మొదటిసారి అన్న మాటే. సైకిలు నడిపించుకుంటూ వచ్చేశాను. ఎక్కి తొక్కడానికి మనసు ఒప్పలేదు.

ఆ తర్వాత రెండుసార్లు వెళ్లాను. ఒకసారి పెట్టెకు, ఒకసారి బడి బోర్డుకు. రెండుసార్లూ చాయ్ తాగి వచ్చాను. మూడోసారి వెళ్తే దుకాణంలో వేరే మనిషి ఉన్నాడు. ఖాజా మియా ఎండాకాలంలో పోయాడని చెప్పాడు. భార్య నాందేడ్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయిందట. చిరునామా అడగలేదు. అడిగి ఉండవచ్చు. ఇది కూడా రాయాలి కదా.

ఈ సంవత్సరం అన్న పోయాడు. మూడు వారాలు మంచం మీద ఉన్నాడు. నేను సెలవు పెట్టి పక్కనే ఉన్నాను. మేమిద్దరమే ఉన్న గంటలు ఎన్నో ఉన్నాయి. ఆయన కళ్లు మూసుకుని, మెలకువగా ఉండేవాడు. నేను చెప్పడానికి అంతకంటే అనువైన సమయం లేదు. ఇప్పుడెందుకు ఆయనను బాధపెట్టడం అనుకున్నాను. పిరికివాడికి కారణాలు ఎప్పుడూ దయగానే కనిపిస్తాయి.

దినాలు అయిపోయాక వదిన ఆయన ఇనుప పెట్టె తాళంచెవి నా చేతికి ఇచ్చింది. సర్టిఫికెట్లు, బాపు ఫోటో, ఊళ్లోని భూమి కాగితాలు. వాటి కింద అడుగున మందంగా ఏదో ఉంది.

"గిదేంది, గీ పాత తాడ్‌పత్రి?" అంది వదిన. "కాయిదాల పెట్టెల గిదెందుకు పెట్టిండో మీ అన్న. పారేద్దామా?"

వద్దన్నాను. గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసి మడత విప్పాను. లోపలి వైపు, రెండు అరచేతులంత మేర, అంగూరీ రంగు. కారు మీద ఎండకూ నుసికీ వెలిసిపోయింది గాని, ఇక్కడ మడతలో అది మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

ఆయనకు తెలుసు. ఎప్పటి నుంచో సరిగ్గా చెప్పలేను. అటక మీద నుంచి పోయిన రోజు నుంచి తప్పకుండా. ఒకవేళ అంతకుముందే, సందులో ముగ్గురం నిలబడినప్పుడే అనుమానం ఉందేమో. అందుకే "వద్దు" అన్నాడేమో. ఖాజా మియా ఉచితంగా మళ్లీ రంగు వేస్తానంటే ఒప్పుకోవడానికి ఆయనకు మనసు రాలేదేమో. కాని నిజం చెప్పడానికీ రాలేదు. నన్ను కాపాడాడా? నేను చెబుతానని పన్నెండేళ్లు ఎదురుచూశాడా? కారుకు మళ్లీ రంగు వేయించకపోవడం నాకు శిక్షా, తనకు తాను వేసుకున్న శిక్షా? ఊరికే పారేయకుండా సర్టిఫికెట్ల కింద ఎందుకు దాచాడు? నాకు తెలియదు. ఒకే కప్పు కింద, ఒకే విషయాన్ని, ఒకరికి తెలియకుండా ఒకరం దాచుకుంటూ బతికాం. మా ఇద్దరి మధ్యా ఖాజా మియా ఒక్కడే నష్టపోయాడు. నేను భయంతో నోరు మూసుకున్నాను, అన్న ప్రేమతో మూసుకున్నాడు. మియాకు ఆ రెండూ ఒకటే.

అన్నను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆయన మౌనం కూడా నా మాట నుంచి పుట్టిందే.

తాడ్‌పత్రి ఇప్పుడు నా బల్ల మీద ఉంది. మడతపెట్టలేదు. రంగు అంటిన వైపు పైకి వచ్చేలా విప్పి ఉంచాను. నాందేడ్‌కు వెళ్తానా, ఆ కూతురిని వెతుకుతానా, వెళ్లి ఏం చెబుతాను? వెళ్తానని మీకు మాట ఇవ్వను. నా మాటల విలువ ఎంతో మీకు ఇప్పుడు తెలుసు. క్షమించమనీ అడగను. క్షమించవలసినవాడు ఒక ఎండాకాలంలో, ట్రంకు పెట్టెల మధ్య, నేను చెప్పకుండానే వెళ్లిపోయాడు.

ఒక్క పని మాత్రం చేయగలను. ఆయన నన్ను ఒక ప్రశ్న అడిగాడు. మర్యాదగా అడిగాడు, రెండుసార్లు అడిగాడు, జవాబు కోసం ఆగాడు. దానికి నేను ఇంతవరకూ నిజమైన జవాబు చెప్పలేదు.

కప్పిన, మియా. నేనే కప్పిన.